చిరునామా లేని రోగి

(పింఛనుదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఫలం అనుభవిస్తున్న మనం, ఈ రోజు ఇంకొకరి హక్కు గురించి పది నిమిషాలు ఆలోచించాలని నా మనవి. ఆ హక్కుదారులకు సంఘం లేదు, చందా లేదు, చిరునామా అసలే లేదు.

మన ధర్మవరం పట్టుచీరలకే కాదు, రైలు జంక్షనుకూ పేరు పొందింది. రైళ్ళు మారే చోట దిక్కులేనివారు దిగిపోవటం సహజం. స్టేషను బయట, బస్టాండులో, మూసిన అంగళ్ళ ముందర పడుకునే వారిని మనమందరం ఎరుగుదుము. వారిలో తాగుడుకు బానిసలైన వారూ కొందరున్నారు. "తాగి పడినాడులే" అని మనం పక్కకు తప్పుకొని పోతాము.

అయితే డాక్టర్లు చెప్పే మాట వినండి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే దేహం తట్టుకోలేదు. కొద్ది గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజులలో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనబడతాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. కాబట్టి పడివున్న మనిషి తాగి పడినాడో, తాగుడు దొరకక పడినాడో దారిన పోయేవారు చెప్పలేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగులు గుంపులుగా వచ్చారు.

దుకాణం మూయటం గురించి మన రాష్ట్రంలో చర్చ చాలా జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. కానీ అలవాటు పడిన దేహాన్ని బాగుచేసే సంగతి ఎప్పుడూ వెనుకబడే ఉంది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఇల్లూ వాకిలీ ఉన్నవారి సంగతే ఇది. ప్లాట్‌ఫారం మీది వారి గతి వేరే చెప్పాలా?

చట్టం మాత్రం వారిని మరువలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కించింది. సెక్షను 18 ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాలలో నిరుపేదలకు కార్డు ఉన్నా లేకున్నా, ఇల్లు లేనివారికీ, చికిత్స పూర్తిగా ఉచితం. మతి తప్పి తిరుగుతూ తన్ను తాను చూసుకోలేని మనిషిని పోలీసులు లాకప్పులో పెట్టకూడదు, 24 గంటలలోగా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. ఇది సెక్షను 100.

మరి ఆటంకం ఎక్కడ? ఒక ఉదాహరణ మనవి చేస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒళ్ళంతా వణుకుతున్న ఒక మనిషిని నేనూ ఒక మిత్రుడూ ఒక ఆసుపత్రికి తీసుకుపోయినాము. పేరు అనవసరం. అక్కడి గుమాస్తా, "ఆధార్ ఏది? అటెండరు ఎవరు? డోరు నంబరు ఎంత?" అని అడిగినాడు. మిత్రుడు అటెండరుగా సంతకం చేసిన తరువాతనే మంచం దొరికింది. ఆరు దినాలకు మనిషి తేరుకున్నాడు. డిశ్చార్జి అయిన సాయంత్రం పోవటానికి చోటు లేక మళ్ళీ స్టేషను దగ్గరికే చేరినాడు. నెల తిరగకుండా మొదటికి వచ్చినాడు. మందు పని చేయక కాదు, మందు తరువాత పడుకునే చోటు లేక.

అందుచేత వైద్యమూ, వసతీ రెండూ కలిసి నడవాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషను, లక్ష జనాభాకు కనీసం వంద మందికి ఆశ్రయం అని కొలత పెట్టింది. 2011 లెక్కల ప్రకారమే మన పట్టణ జనాభా లక్షా ఇరవై వేలు దాటింది. ఆ కొలతకు మన ఊరు ఎంత దూరంలో ఉందో మునిసిపాలిటీ వారిని రాతపూర్వకంగా అడగవలసింది మనమే.

మిత్రులారా! ముప్పై ఏళ్ళు నోటు ఫైళ్ళు రాసినవారం. ఏ అర్జీ ఏ బల్ల దగ్గర ఆగుతుందో మనకంటే ఎవరికి తెలుసు? నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, అటెండరు లేని రోగికి తోడు పోవటానికి వంతుల వారీగా ఇద్దరు సభ్యుల పేర్లు సంఘం రిజిస్టరులో ఉండాలి. రెండు, సెక్షను 18, 100ల తెలుగు ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకు మనమే అందజేయాలి. మూడు, ఈ నంబర్లు ప్రతి సభ్యుని జేబులో ఉండాలి. పడివున్న మనిషి కోసం 108, వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416.

మనలో ఆ రెండు పేర్లు ఇచ్చేవారు సభ ముగిసే లోపల కార్యదర్శి గారికి చెప్పగలరు. నా పేరు మొదట రాసుకోవలసిందిగా కోరుతున్నాను.