నకిలీ మందులు – రోగికి గల ముప్పు
(రాయపూరులో మన సంఘసభయందు చేసిన ప్రసంగపాఠము)



మన సభలలో సాధారణముగా సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగును. నేడు నేను మందులను గూర్చి మాటలాడ బూనితిని. ఉద్యోగరీత్యా స్వస్థలములు విడిచి వచ్చిన మనలో, ఊరనున్న తల్లిదండ్రులకు మందులు కొని పంపువారు చాలమంది గలరు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

బియ్యము కొనునపుడు గుప్పిట పట్టి చూతుము. నేయి వాసన చూతుము. వస్త్రమును వ్రేళ్లతో నలిపి చూతుము. మందుబిళ్ల నట్లు పరీక్షింప మనకు శక్యము కాదు. వైద్యుని మాటను, అంగడివాని మాటను నమ్మి మ్రింగుదుము. నకిలీ మందుల వ్యాపారము సాగునది ఈ నమ్మకము మీదనే.

మొదట మాటలలోని భేదము నెరుగవలెను. పరుల పేరు దొంగిలించియో, లేని కంపెనీ పేరు కల్పించియో అమ్మునది నకిలీ మందు. హానికరమైన పదార్థము కలిసినది కల్తీ మందు. లైసెన్సు గల కంపెనీయే చేసినను, ఉండవలసిన పాళ్లలో మందు లేనిది నాసిరకపు మందు. జనరిక్ మందు ఈ మూటిలో దేనికిని చెందదు. చవుకగా దొరికినంత మాత్రమున మందు నకిలీ కాదు. వెల హెచ్చినంత మాత్రమున అసలుదియు కాదు.

2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణాధికారులు ఏంటీబయాటిక్ పేరున అమ్ముడగుచున్న కొన్ని బిళ్లలను పట్టుకొనిరి. వానిలో సుద్దపొడియు పిండిపదార్థమును తప్ప మందు లేదని పరీక్షలో తేలినది. అట్టపై ముద్రించిన కంపెనీయే లేదు. సుద్దపొడి విషము కాదు గదా యని కొందరనవచ్చును. ఊపిరితిత్తులలో చీము పట్టిన రోగికి ఆ బిళ్ల నిచ్చినచో, మందు పడినదను ధైర్యముతో ఇంటివారు ఊరకుందురు. రోగము మాత్రము ముదురుచుండును. మోతాదు చాలలేదని వైద్యుడు మరింత ఘాటైన మందు వ్రాయును. పాలు తక్కువైన మందైనచో క్రిములు చావక, ఆ మందునకు లొంగని శక్తిని సంపాదించుకొనును. తుదకు రోగి మరణించినచో ఆయువు తీరినదందురు. బిళ్ల నెవరును అనుమానింపరు. నకిలీ మందు చేసిన హత్యకు సాక్షి యుండడు. ఇదియే ఇందలి ఘోరము.

2025లో మధ్యప్రదేశమునందలి చింద్వారా జిల్లాలో దగ్గుమందు త్రాగిన పసిపిల్లలు ఇరువదిమందికి పైగా మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందులో డైఎథిలిన్ గ్లైకాల్ అను విషద్రవ్యము నూటికి 48 పాళ్లకు మించి యున్నట్లు తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలినది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మందిని బలిగొన్నదియు ఈ ద్రవ్యమే.

మన ఛత్తీస్‌గఢ్ సంగతి చూతము. 2014 నవంబరు 8న బిలాస్‌పూరు సమీపమున జరిగిన కుటుంబనియంత్రణ శిబిరమున 83 మంది స్త్రీలకు ఒకే దినమున శస్త్రచికిత్స చేసిరి. ఇండ్లకు పోయిన పిదప వారిలో అనేకులు వాంతులతో పడిపోయిరి. పదిమందికి మించి మరణించిరి. వారికిచ్చిన సిప్రోఫ్లాక్ససిన్ బిళ్లలు ఈ రాయపూరులో తయారైనవే. వానిలో ఎలుకలమందగు జింక్ ఫాస్ఫైడు కలిసినట్లు ప్రభుత్వాధికారులు ప్రకటించిరి. శస్త్రచికిత్సలోని అపరిశుభ్రతయే కారణమని మరికొందరు వాదించిరి. వాదము ఎట్లున్నను, బిళ్లలను పరీక్షింప గలుగుటకు కారణము అవి మిగిలియుండుటయే. మరణించినవారు పేదయిండ్ల తల్లులు. తమ కిచ్చిన బిళ్ల ఏదని అడుగ నేర్చినవారు కారు.

చట్టము లేకపోలేదు. మలేరియాకు వాడు క్వినైనులో సైతము మోసము జరుగుచున్న దినములలో, 1930లో కర్నల్ చోప్రా అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. దాని ఫలితముగా 1940లో ఔషధముల చట్టము వచ్చెను. 2008 సవరణ ననుసరించి, నకిలీ మందువలన ప్రాణహాని కలిగినచో పదియేండ్లకు తక్కువ కాని కారాగారము మొదలు యావజ్జీవ శిక్ష వరకు విధింపవచ్చును. ఆ చట్టము 26వ సెక్షను క్రింద, కొన్న మందును తగు రుసుము చెల్లించి ప్రభుత్వ పరీక్షకునికి పంపు హక్కు ప్రతి పౌరునికిని గలదు. ఈ హక్కు నెరిగినవారు మనలో ఎందరు?

కావున మనము చేయదగిన పనులు కొన్ని గలవు. లైసెన్సు గల అంగడిలోనే కొని, బ్యాచి నంబరు వ్రాసిన బిల్లు నడిగి తీసికొనవలెను. రోగము కుదురు వరకు ఖాళీ అట్టను గూడ పారవేయరాదు. 2023 ఆగస్టు 1 నుండి మూడువందల పేరుగల మందులపై క్యూఆర్ కోడు ముద్రింపవలెనను నియమము గలదు. దానిని ఫోనుతో చూడవలెను. రంగు, పరిమాణము, అక్షరములు మునుపటివలె లేనిచో వైద్యునికి చూపి, ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను. అనుమానము కలిగినదని వాడుచున్న మందును తమంతట తామే మానుట మాత్రము తగదు.

మన కార్యాలయములలో బిల్లు లేనిదే గుండుసూది సైతము కొనము. అదే నియమమును ప్రాణములకు వర్తింప జేయుట కష్టము కాదు. మన యిండ్లలో పనిచేయు అక్షరజ్ఞానము లేని స్త్రీ మందు తెచ్చుకొన్ననాడు, ఆ అట్టపై నున్న దానిని చదివి చెప్పుట గూడ మన విధి. ఆమెకు ఆపాటి సాయము చేయగలవారు మన సంఘమున ప్రతి యింటను గలరు.