దైనందిన క్రైస్తవ జీవితమున దైవసాన్నిధ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక దొరకినప్పుడు ఈ గ్రంథాలయములో కూర్చుండి భారత భాగవతములు చదువుకొనుట నా అలవాటు. గురువు నొద్ద చదివినవాడను కాను, తప్పులున్న మన్నింపుడు. నేను క్రైస్తవుడను కూడ కాను. అయినను మన ఇందల్వాయి క్రైస్తవ సోదరులు తమ ధర్మమును గూర్చి పొరుగువాడు ఏమి గ్రహించెనో వినగోరిరి. బైబిలు గ్రంథమును ఈ బీరువానుండియే తీసి చదివితిని గనుక కాదనలేకపోతిని.

లూకా సువార్త కడపటి అధ్యాయమున ఒక వృత్తాంతము కలదు. యేసు సిలువపై మరణించిన మూడవ దినమున ఇద్దరు శిష్యులు యెరూషలేమునుండి ఎమ్మాయు అను గ్రామమునకు దుఃఖముతో నడచి పోవుచుండిరి. దారిలో ఒక బాటసారి కలిసి, త్రోవ పొడవునను లేఖనముల అర్థము చెప్పెను. వారు ఆయనను ఎరుగలేదు. ప్రొద్దు గ్రుంకుచున్నదని తమతో ఉండుమని బలవంతపెట్టిరి. భోజనమునకు కూర్చుండి ఆయన రొట్టె విరిచి ఇచ్చినప్పుడు గాని తమ ప్రభువని తెలియలేదు. అంత శాస్త్రచర్చలో తెలియనిది అన్నము దగ్గర తెలిసినది. అదియు, పిలిచి కూర్చుండబెట్టినందున తెలిసినది.

మత్తయి సువార్త 25వ అధ్యాయము ఇంకను చిత్రము. ఆకలిగొన్నవానికి, రోగికి, చెరలోనున్నవానికి చేసినది తనకు చేసినట్లేయని ప్రభువు చెప్పగా, మేలు చేసినవారే ఆశ్చర్యపడుదురు. ఆ మేలు వారి పద్దులలో లేదు! లెక్కలవాడను గనుక ఈ సంగతి నా మనస్సున నాటుకొన్నది.

మన పోతన భాగవతము నవమస్కంధమున రంతిదేవుడు 48 దినములు పస్తుండి, దొరకిన అన్నమును అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని దప్పిగొన్న చండాలునికి పోసెను. పిదప గాని వచ్చినవారు దేవతలని తెలియలేదు. మతములు వేరైనను, ముందు పెట్టుట, పిదప తెలియుట అను వరుస రెండింటను ఒక్కటే.

ఇది గ్రంథములలోని మాట మాత్రమే కాదు. మన పొరుగున డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆశ్రమము వెలసినది. స్కాట్లండు దేశమునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దానికి మూలపురుషులు. హిందువైన రాజా నర్సాగౌడ్ గారు దానికి ధనమిచ్చిరి. ఆ కాలమున ముఖ్యమైన మందు చాల్‌మూగ్రా నూనె. ఊరు వెలివేసినవారిని దగ్గరకు తీసి, ప్రతిదినము పుండ్లు కడిగి కట్లు కట్టుటయే అచ్చటి ఆరాధన. 1982 తరువాత బహుళ ఔషధ చికిత్స వ్యాపించి, ఈ రోగము పూర్తిగా నయమగుచున్నది. కాని మనలోని వెగటునకు మందు వేరు.

నా తప్పు నొకటి చెప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట, ఆ రోగము నయమైన రైతు ఒకడు భూమి కాగితము కొరకు నా యొద్దకు వచ్చెను. వ్రేళ్లు అరిగిపోయినవి, బొటనవ్రేలు మాత్రము మిగిలినది. నిశానీ వేయవలెను. నేను సిరాదిండును బల్ల చివరకు నెట్టి, దూరముగా కూర్చుంటిని. అతడు తడబడుచుండెను. చావడి కావలికారు, క్రైస్తవుడు, ముందుకు వచ్చి ఆ చేతిని తన చేతిలోనికి తీసికొని మెల్లగా అద్దించెను. అతడు పోయిన పిదప, నీకు వెగటు కాలేదా యని అడిగితిని.

"అయ్యా, దినాం బువ్వకు ముందు కండ్లు మూసుకొని ప్రభువును మా ఇంటికి రమ్మని పిలుస్త. వచ్చినంక చెయ్యి పట్టకుంటె ఎట్ల?" అనెను.

అతనికి అక్షరములు రావు. నేను భాగవతము చదివినవాడను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

ఆ రైతు మరల రాలేదు. నాటినుండి నిశానీ వేయవలసినవారు ఎవరు వచ్చినను, చేయి నేనే పట్టుచున్నాను. పట్టినప్పుడు దేవుడు కనబడెనని చెప్పను. మనిషి చేయి వెచ్చగా నుండునని మాత్రము తెలిసినది. గుర్తించిన పిదప ఆదరింతుమని కూర్చున్నచో అతిథి వెళ్లిపోవును. దైవసాన్నిధ్యమును గూర్చి ఆ కావలికారు నాకు నేర్పినది ఇదియే.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పుస్తకములిచ్చినది. ఇచ్చట చదివినది మన గడపల యొద్ద అక్కరకు వచ్చుగాక. సెలవు.