బొమ్మకు వెలుగు



దసరాకును సంక్రాంతికిని బొమ్మలకొలువు తీర్చు ఇండ్లు తెలుగునాట నేటికిని కలవు. కొలువు ముగియగనే బొమ్మలు పాతగుడ్డలలో చుట్టబడి పెట్టెలలోనికి పోవును. పొణికి కర్ర మెత్తనిది. దానిని పురుగు తినును, తేమకు రంగు రాలును. చేసిన చేతులు పోయిన పిమ్మట అట్టి బొమ్మ మరల దొరకదు. దాని రూపమును నిలుపుటకు నేడు సెల్‌ఫోను చాలును. కాని ఫ్లాషు వెలిగించి తీసిన ఫొటోలో బొమ్మ ముఖము తెల్లబారును, వెనుకగోడపై నల్లని నీడ పడును. ఈ దోషము వెలుగువలన కలిగినది.

ఇబ్రహీంపట్నము చెరువుగట్టుపై మిట్టమధ్యాహ్నము నిలిచిన మనుష్యుని నీడ కత్తితో కోసినట్లుండును. మబ్బు పట్టిననాడు ఆ నీడకు అంచే కానరాదు. సూర్యుడెంత పెద్దవాడైనను దూరమువలన చిన్న బిళ్ళవలె కనబడును. మబ్బు కమ్మినప్పుడు ఆకాశమంతయు దీపమగును. దీపము ఎంత వెడల్పైనచో నీడ అంత మెత్తనగును. ఈ విద్యకెల్ల మూలసూత్రమిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీనదయాళు (1844–1905) కాలపు స్టూడియోలలో గాజుకప్పుల క్రింద తెరలు జరిపి ఎండను సాధించెడివారు.

ఆ గాజుకప్పునకు బదులు అట్టపెట్టె చాలును. అడుగున్నర పెట్టెను ముందువైపు తెరచి, కుడి, ఎడమ, పై భాగములందు రెండంగుళముల అంచు విడిచి కిటికీలు కోయవలెను. వానికి ఉతికిన తెల్లని మల్లుగుడ్డ అంటింపవలెను. లోపల తెల్ల డ్రాయింగు షీటును వెనుకగోడ నుండి నేలవరకు మడతపడకుండ వంపుగా జార్చినచో మూలగీత కనబడదు. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బులు రెండు పక్క కిటికీల వెలుపల జానెడు దూరమున నుంచవలెను. రెండును ఒకే రంగు వెలుగువి కావలెను. లేనిచో బొమ్మకు ఒక చెంప పసుపు, ఒక చెంప నీలము. గదిలోని ఇతర దీపములు ఆర్పవలెను. వేడెక్కు పాతకాలపు బల్బులను గుడ్డచెంత నుంచరాదు. నిప్పంటుకొను భయము కలదు.

ఇరువైపుల వెలుగు సమానమైనను బొమ్మ చదునుగా కనబడును. ఒక బల్బును రెట్టింపు దూరమునకు జరిపినచో దాని వెలుగు సుమారు నాలుగవ వంతగును. అప్పుడు ముక్కు, చెంప, చేతిమడత తేటపడును. రెండవ బల్బు లేనివారు ఆ వైపున తెల్లని థర్మోకోలు ముక్క నిలిపినను చాలును. ఫోనును పుస్తకముల దొంతికి ఆనించి, బొమ్మ కంటియెత్తున నుంచి, రెండు సెకండ్ల టైమరు పెట్టినచో చేయి వణకు దోషము తొలగును.

అన్ని బొమ్మలకు ఒకే కూర్పు చెల్లదు. కొండపల్లి బొమ్మ పొణికి కర్రతో చేసినది. అవయవములను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఆ కొండపల్లికి పొరుగున నున్న ఊరును ఇబ్రహీంపట్నమే యగుట విశేషము. దానికిని, చెరియాల ముఖములకును ప్రక్కవెలుగు మేలు. ఏటికొప్పాక లక్కబొమ్మ అద్దమువలె మెరయును. బల్బు దానిపై తెల్లచుక్కయై కూర్చుండును. గుడ్డను రెండు మడతలు చేసి బల్బును కొంత వెనుకకు తీసినచో ఆ చుక్క విస్తరించి మెత్తని మెరుపగును.

దీనికగు వ్యయము అల్పము, ఫలము గొప్పది. నేటి కొనుగోలుదారులలో అనేకులు బొమ్మను చేతబట్టి చూడరు. ఫొటో చూచియే వెల కట్టుదురు. రంగు తప్పుగా కనబడినచో సరకు తిరిగివచ్చును, నష్టము పనివానిది. తాకి చూడలేని వానికి వెలుగే చేయి.

గ్రంథాలయమున ఇట్టి పెట్టె యొకటి, దాని ప్రక్కన ఒక రిజిస్టరు నుంచుట యుక్తము. ఊరివారు తమ ఇండ్ల బొమ్మలను తెచ్చి ఫొటోలు తీయించుకొని, ఏ ఊరిది, ఎవరు చేసినది, ఎన్నడు ఇంటికి వచ్చినది అను వివరములను ఆ పుస్తకమున వ్రాయింపవలెను. వివరములు చెప్పగల పెద్దలుండగనే ఈ పని జరుగవలెను. ఫొటో ఎంత తేటగా వచ్చినను, ఊరు పేరు లేని బొమ్మ రేపటివారికి ఎవరిదో బొమ్మగానే మిగులును.