పిల్లల బరువు, పేటల చరిత్ర



ఇది మా మాష్టారి పేరిట జరిగే ఉపన్యాసం. సామాజిక వైద్యాన్ని ఆయన తరగతి గదిలో కన్నా బస్తీల్లో తిప్పుతూ ఎక్కువ నేర్పారు. జబ్బు సంగతి అడిగే ముందు ఆ ఇంటికి నీళ్లు ఎక్కడివో, సరుకులు ఏ కొట్లో కొంటారో, పిల్లలు ఆడుకునే చోటు ఏదో రాసుకోమనేవారు. ఆ ప్రశ్నలనే పట్టుకుని ఇవాళ అమెరికాలో యుక్తవయసు పిల్లల అధిక బరువు గురించి మాట్లాడతాను. జాతి, ఆదాయం, నివాసం పిల్లల ఒంటి మీద ఎలా పనిచేస్తాయో అక్కడ పరిశోధించినంతగా మరెక్కడా పరిశోధించలేదనే చెప్పాలి. మన తెలుగు పిల్లలు కూడా వేలాదిగా అక్కడే పెరుగుతున్నారు.

ముందు అంకెలు. 1976–80 మధ్య జరిగిన ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో 12 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం 5 శాతం. 2017–2020 సర్వే నాటికి అది 22 శాతం దాటింది. రెండేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా పిల్లలందరినీ కలిపి జాతుల వారీగా చూస్తే హిస్పానిక్ పిల్లల్లో 26.2, నల్లజాతి పిల్లల్లో 24.8, శ్వేతజాతి పిల్లల్లో 16.6, ఆసియా సంతతి పిల్లల్లో 9 శాతం. ఆదాయాన్ని బట్టి చూస్తే బాగా కలిగిన ఇళ్లలో 11.5 శాతం, అట్టడుగు ఇళ్లలో 25.8 శాతం.

ఈ అంకెలు చూడగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, అది వాళ్ల రక్తంలోనే ఉందని. నలభై ఏళ్లలో ఊబకాయం నాలుగు రెట్లకు పైగా పెరిగింది. అంత తక్కువ కాలంలో ఏ జాతి రక్తమూ మారదు. అయినా ఆ మాటకు శాస్త్రం అండ కూడా దొరికింది. 1962లో జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ ‘పొదుపు జన్యువు’ అనే ఊహను ముందుకు తెచ్చాడు. కరువులు దాటి వచ్చిన మనుషుల్లో, దొరికిన కాస్త తిండినీ దాచుకునే గుణం నిలిచిపోతుందనీ, తిండి పుష్కలమైన రోజుల్లో అదే జబ్బవుతుందనీ దాని సారాంశం. దీనికి సాక్ష్యంగా ఎక్కువమంది చూపింది అరిజోనాలోని పీమా తెగను. 1965 నుంచి అక్కడ సాగిన పరిశోధనల్లో, ప్రపంచంలో ఎక్కడా నమోదు కానంత మధుమేహం బయటపడింది. పెద్దవాళ్ల జబ్బని పుస్తకాలు చెప్పిన టైప్ 2 మధుమేహం 1970ల నాటికే పీమా పిల్లల్లో కూడా కనిపించింది.

పీమాల కథ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. వీళ్లు గీలా నది ఒడ్డున తరతరాలుగా కాలువలు తవ్వి సేద్యం చేసిన రైతులు. చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి, మొక్కజొన్న, నదిలో చేపలు, ఎడారి చెట్ల కాయలు వాళ్ల తిండి. 1849 తర్వాత బంగారం కోసం కాలిఫోర్నియాకు పరుగెత్తిన బాటసారులకు గోధుమలు అమ్మింది కూడా వీళ్లే. ఆ తర్వాత ఎగువన స్థిరపడిన వలసదారులు నీళ్లు మళ్లించుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దిగువన నది ఎండిపోయింది. ఆయకట్టు చివరి భూముల రైతులకు ఈ కథ వివరించి చెప్పక్కర్లేదు. పంట పోయింది, చేప పోయింది, కరువు కాటకాలు వచ్చాయి. పొలం పనితో పాటు ఒంటికి ఉండే శ్రమ కూడా పోయింది. తర్వాతి కాలంలో ప్రభుత్వం పంచిన సరుకుల్లో మైదా, పందికొవ్వు, చక్కెర, డబ్బాల్లో నిల్వ ఉంచిన తిండి వచ్చాయి. ఆ మైదాను ముద్ద చేసి కొవ్వులో వేయిస్తే వచ్చేది ఫ్రై బ్రెడ్. మందపాటి పూరీ లాంటిది. ఇవాళ దాన్ని ఆదివాసుల సంప్రదాయ వంటకంగా జాతరల్లో అమ్ముతున్నారు. నిజానికి అది పొలం పోయిన ఇంట్లో పుట్టిన వంట.

ఇక రక్తం వాదానికి జవాబు సరిహద్దు అవతల దొరికింది. మెక్సికోలోని సొనోరా కొండల్లో మాయ్‌కోబా అనే ఊరి చుట్టుపక్కల ఇదే పీమా తెగకు చెందిన మరో శాఖ ఉంది. వాళ్ల చేతిలో పొలాలున్నాయి, ఒంటికి శ్రమ ఉంది, తినేది సొంత పంట. పరిశోధకులు ఇద్దరినీ పోల్చి 2006లో ఫలితాలు ప్రకటించారు. అరిజోనా పీమాల్లో మధుమేహం 38 శాతం. మెక్సికో పీమాల్లో 7 శాతం లోపే. ఊబకాయం కూడా వాళ్లలో బాగా తక్కువ. జన్యువుల పాత్ర లేదని నేను అనను. పీమాల్లో ఆ ముప్పుకు అనువైన గుణం ఉండవచ్చు. అయితే ఆ గుణాన్ని జబ్బుగా మార్చింది నీళ్ల పంపకం. 2004లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి గీలా తెగలకు నీటి హక్కులు తిరిగి ఇచ్చింది. నన్నడిగితే ఆ దేశంలో పిల్లల ఆరోగ్యానికి జరిగిన పెద్ద పనుల జాబితాలో ఆ చట్టం కూడా ఉండాలి.

నగరాల్లో ఇదే కథకు నీళ్ల స్థానంలో ఇంటి స్థలాలు వచ్చాయి. 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ అమెరికా నగరాల పటాలు గీయించి పేటలకు రంగులు వేసింది. అప్పు ఇవ్వదగ్గ పేటకు ఆకుపచ్చ, ఇవ్వకూడని పేటకు ఎరుపు. నల్లవాళ్లు ఉండే పేటలకు దాదాపు ఎక్కడైనా ఎరుపే. ఫెడరల్ గృహరుణాల నిబంధనలూ అదే దారిలో నడిచాయి. 1968లో చట్టం వచ్చి ఈ వివక్షను నిషేధించింది. కానీ అప్పు పుట్టని పేటలో అప్పటికే ఇళ్లు పాడుబడ్డాయి, దుకాణాలు వెళ్లిపోయాయి, ఇళ్ల పన్ను మీద ఆధారపడే బడికి డబ్బు తగ్గింది. చట్టం మారినంత వేగంగా వీధి మారదు.

ఆ వీధిలో పెరిగే పిల్లకు ఆడుకునే చోటు దొరుకుతుందా? 1994లో మొదలైన ‘యాడ్ హెల్త్’ అనే జాతీయ అధ్యయనం ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఇరవై వేల మందికి పైగా విద్యార్థుల వివరాలు సేకరించింది. పెన్నీ గోర్డన్ లార్సన్ బృందం ఆ పిల్లల ఇళ్ల చుట్టూ ఉన్న పార్కులు, ఈత కొలనులు, ఆటస్థలాలు లెక్కపెట్టి 2006లో ప్రచురించింది. పేదల పేటల్లో, నల్లజాతి, హిస్పానిక్ జనం ఎక్కువగా ఉన్న పేటల్లో అవి తక్కువ. అవి ఎక్కువయ్యే కొద్దీ అధిక బరువున్న పిల్లలు తగ్గారు. సోమరితనం అని మనం తేలిగ్గా అనేస్తాం. పరిగెత్తడానికి చోటే లేని పిల్లను సోమరి అనడం అన్యాయం.

తిండి సంగతి చూడాలంటే ఫిలడెల్ఫియాలో బడి పక్క కొట్లోకి వెళ్లాలి. అక్కడి పేదల పేటల్లో నాలుగు నుంచి ఆరో తరగతి పిల్లలను, బడికి వెళ్తూ వస్తూ మూల కొట్ల నుంచి బయటికి రాగానే ఆపి, చేతిలో ఏముందో పరిశోధకులు రాసుకున్నారు. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఒక్కో పిల్ల ఒక్కోసారికి సగటున పెట్టిన ఖర్చు ఒక డాలరు ఏడు సెంట్లు. దానికి వచ్చిన కేలరీలు సుమారు 357. చిప్స్, క్యాండీ, తీపి పానీయాలే ఎక్కువ. పది పన్నెండేళ్ల వాళ్లకు ఇది ఒక చిన్నపాటి భోజనంతో సమానం. చేతిలో డాలరు ఉన్న పిల్ల తనకు అందుబాటులో ఉన్న కొట్లో దొరికేదే కొనుక్కుంటుంది. అందులో ఆ పిల్ల తప్పేమిటి?

పేదరికం పోతే అన్నీ సర్దుకుంటాయని వామపక్షపు మిత్రులు అంటారు. అది సగం నిజమే. ‘యాడ్ హెల్త్’ సమాచారంతోనే 2003లో వచ్చిన విశ్లేషణ మనల్ని ఆపి ఆలోచింపజేస్తుంది. ఆదాయం, చదువు పెరిగే కొద్దీ శ్వేతజాతి అమ్మాయిల్లో అధిక బరువు తగ్గింది. నల్లజాతి అమ్మాయిల్లో తగ్గలేదు. కలిగిన కుటుంబాల్లోనే ఆ ఇద్దరి మధ్య తేడా ఎక్కువైంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఒకే జీతం తెచ్చుకునే రెండు కుటుంబాలకు ఒకే పేట దొరకదు. తాతలిచ్చిన ఆస్తి ఒకరికి ఉంటుంది, మరొకరికి ఉండదు. ఫాస్ట్‌ఫుడ్, తీపి పానీయాల కంపెనీలు నల్లజాతి, హిస్పానిక్ యువతను గురిపెట్టి ప్రకటనలు గుప్పిస్తున్న సంగతి కనెటికట్ విశ్వవిద్యాలయంలోని రడ్ సెంటర్ పదే పదే బయటపెట్టింది. జీతం పెరిగినా ఆ ప్రకటన ఆగదు, రోజూ ఎదురయ్యే అవమానమూ ఆగదు. ఇది నా అవగాహన. ఇందులో ఒక్కొక్క దాని వాటా ఎంతో వేరు చేసి చూపడం కష్టం.

పరిష్కారాల పేరుతో చేసిన పనుల్లోనూ మనకు పాఠాలున్నాయి. ఫిలడెల్ఫియాలోనే ఒక పేటకు కొత్త సూపర్‌మార్కెట్ తెచ్చారు. కూరగాయలు దగ్గరికి వచ్చాయని జనం గమనించారు కూడా. అయినా వాళ్ల తిండిలోగానీ బరువులోగానీ మార్పు కనిపించలేదని 2014లో తేలింది. వండే తీరిక, కొనే డబ్బు, అలవాటు పడిన నాలుక అలాగే ఉంటే కొట్టు ఒక్కటే ఏం చేస్తుంది? దీనికి పక్కనే మరో ప్రయోగం పెట్టి చూడాలి. 1994–98 మధ్య ఐదు నగరాల్లో ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న సుమారు 4,500 కుటుంబాలను లాటరీతో విడదీసి, కొందరికి పేదరికం తక్కువున్న పేటకు మారేందుకు అద్దె సాయం ఇచ్చారు. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ అవకాశం దక్కిన తల్లుల్లో తీవ్ర ఊబకాయమూ మధుమేహమూ నాలుగు శాతం పాయింట్లకు పైగా తక్కువగా ఉన్నాయి. ఇది పెద్దవాళ్ల ఫలితం, పిల్లలది కాదు. అయినా పేటకు ఎంత బలం ఉందో ఇంతకన్నా గట్టిగా చూపిన ప్రయోగం నాకు తెలియదు. అక్కడ మారింది ఒక్క కొట్టు కాదు, చుట్టూ ఉన్న జీవితమంతా.

ఇక మనవాళ్ల మాట. ఆసియా సంతతి పిల్లల్లో 9 శాతమే అని చదివి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకోవచ్చు. తొందరపడవద్దని నా మనవి. అమెరికాలో పుట్టిన ఆసియా, హిస్పానిక్ యువతలో ఊబకాయం, వలస వచ్చిన మొదటి తరం పిల్లల్లో కన్నా రెట్టింపుకు మించి ఉందని బారీ పాప్కిన్, రిచర్డ్ ఉద్రీ 1998లోనే చూపారు. పైగా ఆ 9 శాతంలో చైనా, కొరియా, భారత్ అన్నీ కలిసిపోయాయి.

తూకం ఒక్కటే చూస్తే మన శరీరం మోసం చేస్తుంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ శాస్త్రవేత్త యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే ఆసియా సంతతి పెద్దలకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే మధుమేహ పరీక్ష చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. పిల్లల విషయంలో, బీఎంఐ తోటివారిలో 85 శాతం మందిని దాటి, ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉంటే పరీక్ష చేయాలని చెబుతోంది. వాళ్ల జాబితాలో ఆసియా సంతతి కూడా ముప్పు కిందే లెక్క. తాతకు షుగర్, నాయనమ్మకు షుగర్ ఉన్న మన ఇళ్లలో పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆ సంగతి అడగకపోయినా చెప్పండి. నడుము కొలత కూడా తీయమని అడగండి. బడిలో మధ్యాహ్నం ఏం పెడుతున్నారో, ఆటల పీరియడు వారానికి ఎన్నిసార్లో తేల్చేది స్కూలు బోర్డు. దాని సమావేశాలు అందరికీ తెరిచే ఉంటాయి. అక్కడికి వెళ్లి మన పిల్లల కోసం అడిగేటప్పుడు, ఎర్ర రంగు పూసిన పేటల పిల్లల బడికి కూడా అదే ఆటస్థలం, అదే భోజనం అడగండి.