మహిళా ఇంజనీర్లు: వృత్తిలో తోడు
(ప్రసంగ పాఠం)



కోరాపుట్, రాయగడ అనగానే బయటివారి మనసులో మెదిలేవి కొండలు, అడవులు, వాగులు. అవి ఉన్నమాట నిజమే. అయితే ఈ కొండల నడుమనే యంత్రాలు కూడా ఉన్నాయి. మత్స్యకుండం నీటిని డుడుమా జలపాతం చెంత మళ్ళించి విద్యుత్తు తీయడం 1955లో మొదలైంది. ఆ విద్యుత్తు ఒడిశాకూ చేరింది, ఆంధ్రకూ చేరింది. సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి విమాన ఇంజన్ల కర్మాగారం 1964లో వెలసింది. దమన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం, దాని పైకొండ పంచపట్‌మాలి మీద బాక్సైటు గని, తెరుబలిలో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం, రాయగడ చేరువలో కాగితపు మిల్లు, కొలాబ్ మీద జలవిద్యుత్ కేంద్రం, కోరాపుట్ నుండి రాయగడకు సొరంగాలు దాటివచ్చే రైలుమార్గం. ఇవన్నీ నిత్యం ఇంజనీర్ల చేతులమీద నడుస్తున్నవే. ఇన్ని యంత్రాల నడుమ, 2011 జనగణన ప్రకారం, ఈ రెండు జిల్లాలలోనూ చదవను వ్రాయను నేర్చిన స్త్రీలు నూటికి నలభై మందికి లోపే. కర్మాగారం సైరను వింటూ పెరిగిన ఆడపిల్ల ఆ కర్మాగారంలోనే ఇంజనీరుగా అడుగుపెట్టడానికి ఎంత దూరం నడవవలసి ఉన్నదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

బడి, కళాశాల, రుసుము, వసతిగృహం అనే విషయాలపై చర్చ తరచు జరుగుతూనే ఉంటుంది. చదువు ముగిసిన మరునాటి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. డిప్లొమా చేతికి వచ్చిన యువతి ఒక సబ్‌స్టేషనులో చేరిందనుకొందాం. అక్కడ ఆమె తప్ప మరొక స్త్రీ లేదు. రిలే ఎందుకు పదేపదే తెగిపడుతున్నదో పుస్తకం కొంతవరకే చెబుతుంది. మిగిలినది ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి చెప్పాలి. ఆ మాటలు కార్యాలయంలో కూర్చుండగా రావు. టీకొట్టు దగ్గర, రాత్రి షిఫ్టు గదిలో, లైను తనిఖీకి వెళ్ళే జీపులో దొర్లుతాయి. వృత్తి రహస్యాలలో సగం ఆ విధంగానే పెద్దలనుండి పిన్నలకు అందుతాయి. ఎవరి మనసులోనూ ద్వేషం లేకపోయినా ఒంటరి స్త్రీ ఆ సంభాషణకు వెలుపలనే నిలిచిపోతుంది. ఇంజనీరింగు రంగంలోని మహిళల వృత్తిసంఘాలు పుట్టినది ఈ లోటు తీర్చడానికే గాని సన్మానసభలు జరుపుకోవడానికి కాదు.

ఈ సంగతిని తెలుగువారికి ఒక జీవితమే బోధిస్తుంది. అయ్యలసోమయాజుల లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యులు. పదిహేనవ ఏట వివాహమైంది. పద్దెనిమిదవ ఏట, చంటిబిడ్డ ఒడిలో ఉండగా, వైధవ్యం ప్రాప్తించింది. ఆ కాలపు తెలుగింటిలో అటువంటి స్త్రీకి మిగిలేది వంటగది, వెనుకగది. లలిత మరల చదువు ప్రారంభించి ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఇంజనీరింగు చదువుతానన్నారు. వైద్యవిద్య ఆమెకు సరిపడలేదు. వేళగాని వేళ రోగుల పిలుపు వస్తే బిడ్డను విడిచి పోవలసి వస్తుందని ఆమె భావన. తండ్రి అభ్యర్థనపై ప్రిన్సిపాలు కె. సి. చాకో, అప్పటి విద్యాశాఖ సంచాలకులు అనుమతించారు. వందలాది యువకుల కళాశాలలో ఏకైక విద్యార్థినిగా లలిత ప్రవేశించారు.

లలిత తొలి మహిళా ఇంజనీరు అని అందరూ చెబుతారు. చెప్పదగిన మాటే. కాని అంతకన్న గమనింపదగినది తరువాత జరిగింది. వసతిగృహంలో ఆమె ఒంటరితనాన్ని చూచి, కళాశాలలో స్త్రీలకు ప్రవేశమున్నదని ప్రకటన ఇచ్చారు. మరుసటి సంవత్సరం పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అనే ఇద్దరు యువతులు సివిల్ ఇంజనీరింగులో చేరారు. యుద్ధకాలంలో చదువు గడువు కుదించినందువల్ల ముగ్గురూ ఒకేసారి పట్టభద్రులయ్యారు. పట్టా పత్రంపై అచ్చయివున్న పురుషవాచక పదాన్ని కలంతో కొట్టివేసి స్త్రీవాచకం వ్రాయవలసి వచ్చింది. తొలి స్త్రీ తలుపు తెరిస్తే, ఆ తలుపు మరల మూసుకొనకుండా నిలిపినవారు ఈ రెండవ, మూడవ స్త్రీలు. వారిలో త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు.

లలిత జమాల్‌పూర్ రైల్వే కర్మశాలలో అనుభవం గడించి, సిమ్లాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేసి, కొంతకాలం తండ్రి పరిశోధనలలో తోడ్పడి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. సోదరుని కుటుంబం ఆ నగరంలో ఉండడం, బిడ్డను చూచుకొనేవారు లభించడం ఆ నిర్ణయానికి ఒక ముఖ్యకారణం. ఉద్యోగ ప్రకటనలలో ఎక్కడా కనిపించని అర్హత ఇది! అక్కడ ఆమె పని విద్యుత్ ప్రసార మార్గాల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షణ పరికరాల ఎంపిక. భాక్రా నంగల్ విద్యుత్తును మోసే లైన్ల పనిలో ఆమె చేయి ఉన్నది. కోరాపుట్ కొండలమీద నిలిచిన ఉక్కు స్తంభాలను చూచినవారికి ఆ పని ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. తీగ ఎంత వేలాడాలి, గాలివానకు స్తంభం ఎంత ఓర్వాలి, పిడుగు పడితే ఏ పరికరం ముందు స్పందించాలి అన్నవి లెక్కగట్టే పని అది.

లలిత జన్మించిన సంవత్సరమే, రెండు నెలల ముందు, 1919 జూన్ 23న, బ్రిటనులో మహిళా ఇంజనీరింగు సంఘం స్థాపితమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పురుషులు రణరంగానికి పోగా ఆయుధ కర్మాగారాలలో లేతు యంత్రాలు నడిపినది స్త్రీలు. యుద్ధం ముగియగానే పాత పద్ధతులను పునరుద్ధరించే పేరుతో వారిని ఇంటికి పంపివేయసాగారు. నేర్చిన పని చేతిలో ఉండి, చేసే చోటు లేకపోయింది. అప్పుడు ఏడుగురు స్త్రీలు కలిసి ఆ సంఘాన్ని నెలకొల్పారు. కారొలిన్ హాస్లెట్ తొలి కార్యదర్శి. ఆ సంవత్సరమే ఒక పత్రిక ప్రారంభించి, సభ్యులు చేస్తున్న పనులను, సాంకేతిక వ్యాసాలను ప్రచురించసాగారు. జూన్ 23వ తేదీనే నేడు అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. లలిత స్వంత హోదాలో అందులో పాల్గొన్నారు. మరుసటి సంవత్సరం లండనులోని ఆ మహిళా ఇంజనీరింగు సంఘంలో పూర్తి సభ్యత్వం పొందారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండవ సమావేశం జరిగినప్పుడు భారతదేశం తరఫున ప్రతినిధిగా వ్యవహరించారు. ఈసారి ఈ దేశంనుండి ఐదుగురు మహిళా ఇంజనీర్లు వెళ్ళారు. వృత్తిసంఘం అనే మాటకు ఇంతకన్న సులభమైన నిర్వచనం దొరకదు: ముందు వెళ్ళినవారు తరువాతివారికి దారి చెప్పడం, ఎవరికి ఉత్తరం వ్రాయాలో చెప్పడం. లలిత 1979లో, అరవయ్యవ ఏట కన్నుమూశారు.

నేటి కాలంలో ఇదే పని విస్తారంగా సాగుతున్నది. దక్షిణాసియా దేశాల విద్యుత్ రంగంలోని మహిళల కోసం 2019లో ఏర్పడిన వీపవర్ వేదిక ఇందుకు ఉదాహరణ. విద్యుత్ సంస్థలు, విద్యాసంస్థలు అందులో భాగస్వాములు. విద్యార్థినులను విద్యుత్ కేంద్రాలకు తీసుకొనిపోయి చూపడం, ఉద్యోగ శిక్షణకు చోటు కల్పించడం, అనుభవజ్ఞులను కొత్తవారికి మార్గదర్శకులుగా జతపరచడం, ఉద్యోగంలో చేరినవారు మధ్యలో మానివేయకుండా చూడడం దాని కార్యక్రమాలు. వీటిలో చివరిదే అన్నింటికన్న కష్టమైనది. ప్రసూతి అనంతరం మరల లైను మీదికి రావడం, పసిబిడ్డను ఉంచే చోటు, పనిస్థలంలో శుభ్రమైన మరుగుదొడ్డి వంటి విషయాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఉద్యోగాలు నిలిచేదీ పోయేదీ వీటివల్లనే.

చట్టం కూడా నెమ్మదిగా ఈ దారినే వస్తున్నది. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనులలో పనినుండి, ఉపరితల గనులలో రాత్రివేళ పనినుండి వారించింది. 2019లో కేంద్రప్రభుత్వం నిబంధనలు సడలించింది. ఉపరితల గనులలో రాత్రి షిఫ్టుకు స్త్రీ తన సమ్మతిని వ్రాతపూర్వకంగా ఇవ్వాలని అప్పుడు నిర్దేశించింది. ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా స్త్రీలను నియమించాలని కూడా చెప్పింది. పంచపట్‌మాలి వంటి ఉపరితల గనులున్న జిల్లాకు ఇది దూరపు వార్త కాదు. ఒంటరిగా పంపరాదనే ఈ నిబంధనలో గిండీ ముగ్గురు విద్యార్థినుల కథ వినిపిస్తుంది. అయితే ముగ్గురు ఇంజనీర్లను నియమించవలెనంటే ముందు ముగ్గురు ఆ చదువు చదివి ఉండాలి గదా!

గుణుపురంలో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. డిప్లొమా చదువుకు అవకాశాలు ఉన్నాయి. సునాబెడ, దమన్‌జోడి, కొలాబ్ కేంద్రాలలో పనిచేసే మహిళా ఇంజనీర్లు, పదవీ విరమణ చేసినవారు, ఈ చదువులు చదువుతున్న విద్యార్థినులు నెలకొకసారి ఒకచోట కూడితే చాలు. మొదట్లో భవనం గాని, అధ్యక్షపీఠం గాని అక్కరలేదు. ఒడియా, తెలుగు, కువి, దేశియా మాటలాడే ఇళ్ళనుండి వచ్చినవారికి తమ ఇంటి భాషలో ఒక సందేహం అడిగే చోటు దొరకడమే ఇక్కడ ముఖ్యం. మొదటి నెలలో చేయదగినది ఒకటి ఉన్నది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ‘ప్రగతి’ ఉపకార వేతనం క్రింద ఎంపికైన డిగ్రీ, డిప్లొమా విద్యార్థినులకు ఏడాదికి 50,000 రూపాయలు లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించరాదు. ఒక కుటుంబంనుండి ఇద్దరు ఆడపిల్లలు అర్హులు. దరఖాస్తు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్ ద్వారా సమర్పించాలి. ఆదాయ ధ్రువపత్రం తహసీలు కార్యాలయంనుండి రావడానికి సమయం పడుతుంది గనుక, కళాశాలలో సీటు వచ్చేవరకు ఆగక, పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారంలోనే దానికి దరఖాస్తు చేయించడం మేలు.