వేలి కంటే ముందే పడిపోయే స్కేలు: ఫోటోగేట్‌తో టైమ్ కొలవడం

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సింపుల్ పెండ్యులమ్ చేసినవాళ్లని జీ విలువ ఎంతొచ్చిందని అడగండి. చాలామంది రికార్డులో 9.8 అనే ఉంటుంది. ఆన్సర్ ముందే తెలుసు కాబట్టి, టైమ్ కాలమ్‌ని వెనక నుంచి నింపేస్తారు. ప్రయోగం చేసినట్టు ఉంటుంది, కొలిచింది మాత్రం ఏమీ ఉండదు.

ఇందులో పిల్లల్ని తిట్టి లాభం లేదు. చేతిలో ఉన్న పరికరం అలాంటిది. కంటితో చూసి స్టాప్‌వాచ్ నొక్కడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. పెండ్యులమ్‌కైతే 20 డోలనాలు లెక్కపెట్టి 20తో భాగిస్తాం కాబట్టి, ఆ తేడా ఒక్కో డోలనానికి 0.01 సెకనుకి తగ్గిపోతుంది. కానీ కింద పడే రాయి 20 సార్లు ఊగదు కదా! ఒక మీటరు ఎత్తు నుంచి వదిలితే 0.45 సెకనులో నేల మీద ఉంటుంది. గెలీలియోకీ ఇదే ఇబ్బంది. అందుకే బంతిని ఏటవాలు పలక మీద దొర్లించి కదలికని నెమ్మది చేశాడు. సన్నగా కారే నీటిని పట్టి, తూచి, దాంతో కాలం కొలిచానని 1638లో వచ్చిన పుస్తకంలో రాశాడు.

మనకి అంత కష్టం అక్కర్లేదు. ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, దానికి ఎదురుగా ఫోటోట్రాన్సిస్టర్ పెడితే చాలు. వెలుగు పడుతున్నంతసేపు ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారుతుంది, మధ్యలో ఏదైనా అడ్డొస్తే ఆగిపోతుంది. ఇదే ఫోటోగేట్. లిఫ్ట్ తలుపులో చెయ్యి పెడితే మళ్లీ తెరుచుకోవడం, పాత బాల్ మౌస్ మన కదలికని లెక్కపెట్టడం, రెండింటి వెనకా ఇదే ఐడియా.

టైమ్ చూడటానికి ఆర్డుయినో ఊనో వాడొచ్చు. అందులో మైక్రోస్ ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల మెట్లలో సమయం చెబుతుంది. కోడ్ రాసేవాళ్లకి ఒక్క మాట. సెన్సార్ సిగ్నల్ మారగానే ఇంటరప్ట్‌లో టైమ్ మాత్రం దాచుకోండి, ప్రింట్ తర్వాత చేసుకోవచ్చు. 9600 బాడ్ మీద ఒక్క అక్షరం పంపడానికే దాదాపు 1 మిల్లీసెకను పోతుంది. కొలిచేదే మిల్లీసెకన్లలో అయినప్పుడు అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ప్రయోగం. పారదర్శకంగా ఉండే 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. దాని మీద మూడు నల్ల టేప్ ముక్కలు అతికించండి. ఒక టేప్ కింది అంచు నుంచి తర్వాతి టేప్ కింది అంచుకి సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉండాలి. స్కేలుని నిలువుగా పట్టుకుని గేట్ మధ్యలోంచి వదిలేయండి. ఒక్కో కింది అంచు బీమ్‌ని కోయగానే టైమ్ నమోదవుతుంది. మూడు అంచులు అంటే మధ్యలో రెండు విరామాలు.

లెక్క కోసం అవి 73.5, 50.8 మిల్లీసెకన్లు అనుకుందాం. మొదటి 10 సెంటీమీటర్లలో సగటు వేగం సెకనుకి 1.36 మీటర్లు, రెండోదాంట్లో 1.97. తేడా 0.61. సమ త్వరణంలో సగటు వేగం అంటే ఆ విరామం మధ్య క్షణంలో ఉన్న వేగమే. ఆ రెండు మధ్య క్షణాలకీ దూరం, రెండు విరామాల మొత్తంలో సగం, అంటే సుమారు 62 మిల్లీసెకన్లు. దశాంశాలు వదలకుండా భాగిస్తే 9.78 వస్తుంది. గమనించారా, స్కేలు ఎంత ఎత్తు నుంచి వదిలామన్నది ఈ లెక్కలోకి రానే లేదు. మొత్తం ఆట 125 మిల్లీసెకన్లలోపే అయిపోయింది. స్టాప్‌వాచ్ మీద వేలు ఇంకా కదలనే లేదు!

అసలు పాఠం ఇక్కడుంది. మధ్య టేప్ అర మిల్లీమీటరు జరిగితే ఏమవుతుంది? జీ విలువ దాదాపు 0.27 మారిపోతుంది. అంటే గడియారం ఎంత బాగుపడిందంటే, ఇప్పుడు బలహీనమైన లింక్ మన స్కేలు, మన టేపు. ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తోందో వెతకడమే ఫిజిక్స్ ల్యాబ్ నేర్పాల్సింది.

రెండు జాగ్రత్తలు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది కాబట్టి, కిటికీ పక్కన పెడితే అడ్డొచ్చినా సెన్సార్ పట్టించుకోకపోవచ్చు. ట్రాన్సిస్టర్‌కి నల్ల కాగితం గొట్టం తొడగండి. రెండోది, ఇదే గేట్‌ని పెండ్యులమ్ కింద పెడితే ఒక్క డోలనంలో బీమ్ రెండుసార్లు తెగుతుంది. ఒకటి వదిలి ఒకటి లెక్కపెట్టాలి, లేదంటే సగం పీరియడే వస్తుంది.

లెక్చరర్లు ఎవరైనా చూస్తుంటే ఒక రిక్వెస్ట్. భూమధ్యరేఖ దగ్గర జీ 9.78, ధ్రువాల దగ్గర 9.83. అందరికీ ఒకే అంకె రావాలన్న రూల్ భూమికే లేదు. 9.5 వచ్చిన స్టూడెంట్ ఎందుకొచ్చిందో చెప్పగలిగితే, కాపీ కొట్టిన 9.8 కంటే దానికే ఎక్కువ మార్కులు వేయండి సార్. స్టూడెంట్స్, మీరు కూడా స్కేలు పదిసార్లు వదిలి, పది అంకెలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఆ పదీ ఒకేలా ఉండవు. ఎందుకు ఉండవో ఆలోచించడం దగ్గరే ప్రయోగం మొదలవుతుంది.