రాతినార వ్యాధిగ్రస్తులకు న్యాయస్థానములలో గల మార్గములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పరీక్షిన్మహారాజునకు తక్షకుని కాటు ఏడవదినమున తప్పదని ముందుగనే తెలిసినది. ఆ గడువులో నాతడు చేయవలసినది చేసికొనెను. రాతినార కాటునకు అట్టి గడువు తెలియదు. ఆ ధూళి ఊపిరితో లోనికి పోయిన పిదప ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలువది యేండ్లు చడిచప్పుడు లేక యుండి, తరువాత ఆయాసముగనో, ఊపిరితిత్తుల క్యాన్సరుగనో, ఊపిరితిత్తుల పైపొరకు పట్టు మెసోథిలియోమా యను ఘోరవ్యాధిగనో బయటపడును. అప్పటికి కూలివాడు ముదుసలి యగును. కర్మాగారము చేతులు మారును. ఒక్కొక్కచోట కంపెనీయే అంతరించును. గాయమైన దినమేదియని న్యాయస్థానము ప్రశ్నించినచో రోగి ఏమి చెప్పగలడు? ఈ వ్యాధికి సంబంధించిన వ్యాజ్యములలోని చిక్కంతయు ఇక్కడనే యున్నది.

రాతినారయనగా ఆస్‌బెస్టాస్. నిప్పునకు కాలదు, నారవలె చీలును. ఇండ్లపై వేయు సిమెంటు రేకులలో నున్నది ఇదియే. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున దీని గనులుండెడివి. రేకు చెక్కుచెదరక యున్నంతకాలము భయము తక్కువ. దానిని రంపముతో కోయునప్పుడు, పగులగొట్టునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొన్నంతమాత్రమున చాలదని ఎరుగవలెను.

ఈ విషయమున లోకమున కెల్ల పాఠమైన వ్యాజ్యము దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండులో తేలినది. 1893లో ఇంగ్లండున స్థాపింపబడిన కేప్ ఆస్‌బెస్టాస్ కంపెనీ దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా, కూగస్, పెంజ్ మొదలగు తావులలో నీలి రాతినారను, గోధుమవన్నె రాతినారను త్రవ్వించెను. పురుషులు గనులలో దిగిరి. స్త్రీలు సుత్తెలతో రాతినుండి నారను వేరుచేసిరి. బిడ్డలు ఆ ధూళిలోనే పెరిగిరి. 1930లో బ్రిటిషు ప్రభుత్వోద్యోగులైన మెరివెదర్, ప్రైస్ అను వారు రాతినార ధూళి ఊపిరితిత్తులను చెరచునని నివేదిక వ్రాయగా, 1931లో ఆ దేశమున కర్మాగారములకు నిబంధన లేర్పడినవి. ఇంగ్లండు కూలివాని ఊపిరికి గల వెల ఆఫ్రికా కూలివాని ఊపిరికి లేకపోయెను. 1960లో వాగ్నరు మొదలగు వైద్యులు 33 మంది మెసోథిలియోమా రోగులను గూర్చి ప్రకటించిరి. వారిలో గని ముఖము చూడక గనుల సమీపమున నివసించిన వారును కలరు.

కేప్ కంపెనీ 1979లో దక్షిణాఫ్రికాను విడిచి వెడలెను. ఆస్తి అంతయు ఇంగ్లండున, రోగులంతయు ఆఫ్రికాలో! రోగులు లండనులో దావా వేసిరి. “ఈ తగవు దక్షిణాఫ్రికాలో తేలవలసినది, అచ్చటికే పొండు” అని కంపెనీ వాదించెను. మాట పైకి సబబుగనే కనుపించును. సాక్షులును గనులును అచ్చటనే కదా. కాని అచ్చట ఇట్టి వ్యాజ్యములకు ప్రభుత్వ న్యాయసహాయము అప్పటికి ఎత్తివేయబడినది. వేలమంది పేదలు వకీళ్లను, వైద్యనిపుణులను ఏ సొమ్ముతో తెచ్చుకొనగలరు? 2000 జూలై 20న హౌస్ ఆఫ్ లార్డ్సు న్యాయమూర్తులు, అచ్చటికి పొమ్మనుట న్యాయమును నిరాకరించుటయే యగునని, లండనులోనే విచారింపవచ్చునని ఏకగ్రీవముగా తేల్చిరి. పేదరికమును కూడ న్యాయస్థానము లెక్కలోనికి తీసికొన్నందున ఆ తీర్పు కడు కీర్తనీయము.

ఐనను తీర్పు వేరు, చేతికి వచ్చు రొక్కము వేరు. 2001 డిసెంబరులో 2 కోట్ల 10 లక్షల పౌండ్ల కొడంబడిక కుదిరెను. కంపెనీ ధనాభావమున చెల్లింపలేదు. తుదకు 2003లో 75 లక్షల పౌండ్లు 7,500 మందికై చెల్లించెను. తలసరి వేయి పౌండ్లు! గెంకార్ అను గనుల కంపెనీ మరికొంత చేర్చెను. ఇతర రోగులకై ఆ యేడే ఒక సహాయనిధియు నేర్పడెను. ఈ నడుమ మరణించినవారికి ఏ లెక్క తృప్తి కలిగించును?

ఈ కంపెనీపైననే మరియొక తీర్పు 2012లో వచ్చెను. ఇంగ్లండున అక్స్‌బ్రిడ్జిలో పిల్లకంపెనీలో పనిచేసిన యొకనికి, సుమారు ఏబదియేండ్లకు వ్యాధి బయటపడెను. అప్పటికి పిల్లకంపెనీ రద్దయినది. ప్రమాదము నెరిగియుండి రక్షణ చూడవలసిన బాధ్యత తల్లికంపెనీదేయని అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను.

ఇక మన దేశమునకు వత్తము. 1923 నాటి కార్మిక పరిహార చట్టపు మూడవ అనుబంధమున రాతినార వ్యాధులు చేర్పబడినవి. పనివాడు చట్టము నియమించిన కాలము ఆ పని చేసి, పట్టికలోని రోగము పొందినచో, అది ఆ పనివలననే వచ్చినదని చట్టము భావించును. కాదని చూపవలసినవాడు యజమాని. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఈ చట్టమును, ఉద్యోగుల రాజ్యబీమా చట్టమును కలిపివేసిరి.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు దగ్గరి విషయము; దానిని వ్రాసిన జస్టిస్ కె. రామస్వామిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లినవారు. ఆరోగ్యహక్కు జీవించు హక్కులోని భాగమని అందు చెప్పబడినది. ప్రతి పనివాని ఆరోగ్యపు దస్త్రమును పనిలో చేరిన నాటినుండి 40 ఏండ్లు గాని, పని మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది ఎక్కువయైన నంతవరకు భద్రపరుపవలెనని ఆజ్ఞ. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్యసంస్థ వ్యాధిని ధ్రువపరచిన, ఆ వ్యాజ్యమునకు సంబంధించిన పనివారికి తలా లక్ష రూపాయలు కర్మాగారము చెల్లింపవలెననియు విధించిరి. రాతినార వాడుకను నిషేధింపుమని వేసిన పిటిషనును 2011లో అదే న్యాయస్థానము త్రోసిపుచ్చినది.

లిఖితము, భుక్తి, సాక్షులు అని మన స్మృతికారులు ప్రమాణములు మూడు చెప్పిరి. ఈ వ్యాధిలో భుక్తి ఊపిరితిత్తులయందే యుండును; ఎక్సురే ఫిలిము దానికి దస్త్రము. సాక్షులలో ప్రక్కన పనిచేసినవారు ముందుగా పోవుచుందురు గనుక వారి వాంగ్మూలమును ఆలసింపక వ్రాయించుకొనవలెను. లిఖితమే దుర్లభము. అడంగలు లేని రైతు పొలము తనదని చెప్పుకొనుట ఎంత కష్టమో, జీతపు చీటీ లేని కూలివాడు ఫలానా కర్మాగారమున పనిచేసితినని చెప్పుకొనుట అంతకంటె కష్టము. పొగత్రాగు అలవాటున్నచో అవతలివారు రోగమంతయు దానిపైననే మోపజూతురు; వైద్యునికి ఆ సంగతి దాపక చెప్పి, ధూళి చరిత్రను కూడ కాగితముపై వ్రాయించుకొనుట మేలు. బీమా గలవారు ఒకే వ్యాధికి బీమా సంస్థనుండియు, యజమానినుండి పరిహార చట్టము క్రిందను రెండు తావుల పొందజాలరు. కావున దరఖాస్తు వ్రాయుటకు పూర్వము, తనకు బీమా చీటీ కలదా లేదాయని మొదట వెదకి చూచుకొనవలెను.